పెదనాన్న బొంతలో పెరిగిన మూర

ఆ రోజుల్లో మా ఇళ్ళలో కొలిచే టేపు లేక కాదు, ఉన్నా దాన్నెవరూ నమ్మేవాళ్ళు కాదు. పూలదండైనా, మంచం నవారైనా, కప్పుకునే బొంతైనా అన్నీ మూరల్లోనే. మోచేతి నుంచి నడివేలి చివరిదాకా దేవుడే ఒక కొలత ఇచ్చి పంపాక ఇంకా టేపెందుకని పెద్దవాళ్ళ వాదన. ఆ దేవుడు అందరికీ ఒకే పొడుగు చేతులు ఇవ్వకపోవడం వల్లే నా కథంతా వచ్చింది. దాని మూలంగా మా మేనత్త మీద ఒక నింద పడి, ఇన్నేళ్ళయినా అలాగే ఉండిపోయింది. అది సరిచేద్దామనే ఇది రాస్తున్నాను. (సరిచెయ్యబోయి ఇంకాస్త చిక్కు పడ్డాను. అది చివర్లో చెప్తాను.)

అప్పుడే డిగ్రీ పూర్తిచేసి బందరులో ఒక బట్టల కొట్లో చేరాను. చేతికి మీటరు కడ్డీ ఇచ్చిన వారానికే కనబడినదాన్నల్లా మీటర్లలోకి మార్చి చెప్పే జబ్బు పట్టుకుంది నాకు. అరటాకు పొడుగు, పక్కింటి గోడ ఎత్తు, పెళ్ళికొడుకు ఎత్తు, ఏదీ వదిలేవాణ్ణి కాదు. దాంతో చుట్టాల్లో నాకు ‘మీటరు’ అనే పేరు స్థిరపడింది. నేను దాన్ని బిరుదనుకునేవాణ్ణి.

గుడివాడలో మా పెదనాన్న ఉండేవాడు. మా వంశం మొత్తంలో ఆయనంత పొడుగు మనిషి లేడు. కొట్లో దొరికే ఏ దుప్పటి కప్పినా ముఖమో కాళ్ళో, ఏదో ఒకటి బయట ఉండాల్సిందే. పెద్దమ్మ పోయిన ఏడాదికి ఆయన నన్ను కబురంపి పిలిపించి, చీరలున్న సంచి ఒకటి నా ముందు పెట్టాడు. అన్నీ పెద్దమ్మవే, మెత్తబడిన నూలు చీరలు. “కోడూరు వెళ్ళి మీ అత్తకివ్వరా. నా మూరతో అయిదు మూరల బొంత కుట్టమను” అన్నాడు. అయిదెందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏ మనిషైనా తన మూరతో తాను సుమారు నాలుగు మూరలుంటాడు, ఆ పైది ముసుక్కి. కావాలంటే కొలుచుకుని చూడండి.

నేను సంచి ఎత్తుకుంటుంటే ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. “అడుగున మామిడిపండు రంగు పెడన నేత చీర ఉంది. బట్ట చాలకపోతేనే దాన్ని వాడమను. చాలితే వెనక్కి పట్రా. ఊరికే అంటున్నాను, పెద్ద విషయమేం కాదు.” ఆ చీరను సంచిలో పెట్టకుండా దాచుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. కోడలు చూస్తుండగా ముసలాయన పెళ్ళాం చీర దాచుకోవడమా! ఆయనకి సిగ్గు. అందుకని అన్నీ ఇచ్చేసినట్టే ఇచ్చేసి, మిగిలిందనే వంకతో ఆ ఒక్కటీ వెనక్కి తెప్పించుకోవాలని ఆయన ఎత్తు. అయిదు మూరలకి మిగతా చీరలు హాయిగా సరిపోతాయని ముందే లెక్క వేసుకున్నాడు కూడా. ఇదంతా నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసింది అయిదు అనే అంకె ఒక్కటే.

గుడివాడ నుంచి బందరు, అక్కణ్ణుంచి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా కోడూరు. బస్సులు మారుతున్నంతసేపూ నా బుర్ర ఊరుకోలేదు. పెదనాన్న చెయ్యి బారెడు, అత్తయ్య మనిషే పొట్టి. ఆయన అయిదు మూరలు ఆవిడ చేతికొచ్చేసరికి ఎంతవుతాయి? మీటర్లలోకి మార్చి, మళ్ళీ మూరల్లోకి తెచ్చి, అవనిగడ్డ దాటేసరికి ఆరని తేల్చాను. లెక్క తప్పేమీ కాదండీ, ఈ మధ్య మళ్ళీ వేసి చూసుకున్నాను. అంత మంచి లెక్క నా జన్మలో అదొక్కటే.

మా అత్తయ్య చేత బొంత కుట్టించుకోవాలంటే ముందు ఆవిడ చేత తిట్లు తినాలి. వసారాలో చీరలు పరిచి, ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తూ, నాకు పాఠం మొదలుపెట్టింది. పాత బట్ట పక్కన కొత్తది వేస్తే కొత్తది పాతదాన్ని లాగి చింపేస్తుందట. వెయ్యక తప్పకపోతే రాత్రంతా నానబెట్టి ఆరేశాకే వెయ్యాలి. రంగు దిగే ముక్కని ఉప్పునీళ్ళలో ముంచాలి. చిరగని చీర చూసి అడుక్కి నిలువునా పరచాలి, ముక్కలు దాని మీద పేర్చాలి. కుట్టు నడిమధ్య మొదలుపెట్టి అంచులకి రావాలి. అంచుల నుంచి లోపలికి వస్తే మధ్యలో బట్ట బుడగలా లేస్తుంది. కుట్టేకొద్దీ బొంత ముడుచుకుంటుంది కాబట్టి నాలుగు వైపులా బెత్తెడు ఎక్కువ వదలాలి. (ఇవన్నీ నిజం. నేనూ తరవాత రెండు కుట్టాను. మొదటిది బుడగ లేచింది.)

“ఇంతకీ ఎన్ని మూరలన్నాడ్రా మీ పెదనాన్న?”

“ఆరు అత్తయ్యా.”

ఆవిడ ఎత్తిన చీర దించింది. “ఆరా? ఎవరి మూరతో?”

ఇక్కడే నేను ‘నీ మూరతో’ అనాలి. అన్నానంటే, ఆయన అయిదే చెప్పాడని, ఆరు నా లెక్క అని విప్పి చెప్పాల్సొస్తుంది. మీటరు వాగుడు మళ్ళీ మొదలెట్టావా అని ఆవిడ చీపురు తీస్తుంది. ఆ భయంలో, “పెదనాన్న చెప్పిందే చెప్తున్నా” అన్నాను.

“అన్నయ్య మూరతో ఆరా! ఈ వయసులో పెరుగుతున్నాడేంట్రా మనిషి?”

“ఏమో అత్తయ్యా. కాళ్ళు చల్లబడుతున్నాయంట.”

“వదిన పోయాక కాళ్ళే కాదు, మనిషే చల్లబడ్డాడు” అని ఇంకో చీర వెలుతురుకి ఎత్తింది. తన మూరకి బెత్తెడు కలిపితే అన్నయ్య మూర అని ఆవిడ చిన్నప్పటి లెక్క. పొడుగు పెరిగినప్పుడు వెడల్పూ పెరగాలి, లేకపోతే అది బొంతలా ఉండదు, చాపలా ఉంటుంది. మామిడిపండు రంగు చీర సంగతి మాత్రం మర్చిపోకుండా చెప్పాను. “చాలకపోతేనే” అని రెండుసార్లు నొక్కి చెప్పాను. నా బాధ్యత తీరిందనుకుని చేపల పులుసుతో అన్నం తిని బందరు వచ్చేశాను.

తరవాత బొంత తీసుకుని గుడివాడ చేర్చాను. విప్పి పరుస్తుంటే అది అయిపోదే! మంచం నిండింది, నాలుగు వైపులా నేలకి దిగింది, ఇంకా నా చేతిలో మిగిలింది. అన్నయ్య, అంటే పెదనాన్న కొడుకు, ఒక కొస పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, “ఒరేయ్ మీటరూ, ఇది మా నాన్నకా, ధాన్యం బస్తాల మీదికా?” అన్నాడు. పెదనాన్న పడుకుని చూద్దామని లోపలికి దూరితే, అన్నయ్య భార్య, మా వదిన, కాఫీ తెచ్చి తల ఎటువైపో తెలియక మంచం చుట్టూ తిరిగింది. “మావయ్యగారూ, ఒక్కసారి దగ్గండి” అని బతిమాలింది. మేమందరం పొట్ట పట్టుకుని నవ్వాం. పెదనాన్న కూడా నవ్వుతూనే బయటికి వచ్చాడు.

వచ్చి సంచి తీసుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. తిరగేసి దులిపాడు. “ఇంకేం ఇవ్వలేదా అత్త?” అన్నాడు. లేదన్నాను. అప్పుడు బొంత వైపు చూశాడు. వెలిసిన చీరల ముక్కల మధ్య మామిడిపండు రంగు ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి, తోటలో రాలిన పళ్ళలా చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆయన నవ్వు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. ఆగిందని మాత్రం తెలిసింది.

“కోడూరు పిన్నిగారికి చూపు ఆనడం లేదేమో పాపం, కొలత ఇంత తప్పారు” అంది వదిన. అన్నయ్య అవునన్నాడు. నేను తలూపాను. ఆ ఊపిన తలే ఇన్నాళ్ళూ నన్ను తింటోంది. ఆ మాట ఊళ్ళు తిరిగింది. కొలత తెలియని మనిషని ఒకరు, కత్తెర పడితే ఆగదని ఒకరు, మెల్లగా అత్తయ్య దగ్గరికి చీరలు పంపడమే మానేశారు.

మొన్న కోడూరు వెళ్ళాను. అత్తయ్య వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడైనా చెప్పకపోతే ఎలాగని, అయిదు ఆరైన వైనం, నేను తలూపిన సంగతి అన్నీ చెప్పేశాను. చెప్పి, తిట్లకి సిద్ధంగా తల వంచుకున్నాను.

“దానికీ దీనికీ సంబంధమేంట్రా?” అంది అత్తయ్య.

“ఆరు మూరలయ్యేసరికే కదా ఆ చీర కొయ్యాల్సొచ్చింది!”

“ఎవడు చెప్పాడు నీకు? బట్ట చాలకపోతే మా ఇంట్లో పాత పంచెలు లేవా? రెండు ముక్కలు వేస్తే సరిపోయేది. ఆ చీర కావాలనే కోశాను.”

“వెనక్కి ఇమ్మన్నాడని చెప్పాను కదా అత్తయ్యా!”

“చెప్పావు. అందుకే కోశాను. పెట్టెలో దాచుకుంటే ఏం మిగుల్తుంది? మడత మడతకీ చిరిగి పోగులవుతుంది. అడిగితే వద్దంటాడని అడగలేదు.”

“మరి నీకు కొలత రాదని అందరూ అంటుంటే ఊరుకున్నావే?”

“చీర కోసినందుకు ఏదో ఒకటి అనాలి కదా జనం, అన్నారు. తప్పు నాది. ఇన్నేళ్ళు పోయాక నువ్వొచ్చి ‘కాదు, నాది’ అంటావేంట్రా?” అని చిక్కుడుకాయల చాట నా వైపు తోసింది, ఊరికే కూర్చోకుండా ఈనెలు తియ్యమన్నట్టు. నా ముఖం చూడకుండానే, “ఇంతకీ కప్పుకునేవాడా?” అని అడిగింది. అన్నేళ్ళూ ఆ మాట ఎవరినీ అడగలేదని అప్పుడర్థమైంది.

కప్పుకునేవాడు. రోహిణి ఎండల్లో కూడా, ఫ్యాను కింద. పక్క వేసేటప్పుడు బొంతని ఇటూ అటూ తిప్పి, మామిడిపండు రంగు ముక్క ఒకటి ముఖం దగ్గరికి వచ్చాకే పడుకునేవాడని వదిన చెప్పేది. అదే చెప్పాను. అత్తయ్య “ఊఁ” అంది. చాలాసేపు ఒకే కాయ ఈనె తీస్తూ కూర్చుంది.

తిరుగు బస్సులో, లెక్క తేలిందని కిటికీ పక్కన మురిసిపోతూ కూర్చున్న ఆ డిగ్రీ కుర్రాడు కళ్ళ ముందు మెదిలాడు. ఇన్నేళ్ళుగా వాడికి ఒక్కటి తగిలిద్దామనే ఉండేది. ఇప్పుడు దేనికని తగిలించాలో తెలియడం లేదు. లెక్క చూస్తే సరైనదే. మాట చూస్తే అబద్ధం. బొంత చూస్తే పెద్దాయన ఉన్నన్నాళ్ళూ కప్పుకున్నాడు. పోనీలే పాపం అనుకుని, వాడి వంక చూసి కొంచెం నవ్వి ఊరుకున్నాను.