పొద్దుటి రేడియోలో సుభద్ర

సుభద్ర కాకినాడలో చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. భర్త రామమోహన్‌కు కంప్యూటర్ ఉద్యోగం దొరికి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ వచ్చాక ఆ ఇంగ్లీషు ఎవరికీ పనికిరాలేదు. వెళ్లిన ప్రతి స్కూల్లోనూ మర్యాదగా కూర్చోబెట్టి, మీ ఉచ్చారణ పిల్లలకు అందదేమోనని పంపేశారు. చివరికి ఒక బేకరీలో రొట్టెలు సంచుల్లో సర్దే పనిలో కుదురుకుంది.

2003లో అదే ఊళ్లో, న్యూ లిన్‌ అనే పేటలో ఒక బట్టల కొట్టు పైన మలయాళీ ఒకాయన చిన్న రేడియో స్టేషన్ పెట్టాడు. గుజరాతీలు, తమిళులు, ఫిజీ నుంచి వచ్చినవాళ్లు, మనవాళ్లు, అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఇంగ్లీషొక్కటే కనుక కార్యక్రమాలన్నీ అందులోనే. జీతం లేదు. పొద్దుటి పూట సుభద్ర అద్దెకు దొరికే ఫ్లాట్లు, ఉద్యోగాలు, పోయినవాళ్ల వార్తలు చదివేది. మైకు ముందు కూర్చుంటే మళ్లీ క్లాసులో నిలబడ్డట్టే ఉండేది.

పాట వేసినప్పుడల్లా ఒక ముసలావిడ ఫోన్ చేసేది.

"నువ్వు చెప్పేది నాకొక్క ముక్క అర్థం కాదమ్మా. తెలుగుపిల్లవని మాట తీరులోనే తెలిసిపోతోంది. ఇంట్లో అందరూ డ్యూటీలకెళ్లిపోతారు. నీ మాట వింటూ కూర చేసుకుంటా."

"మీ పేరేంటండీ?"

"పిన్నీ అను, చాలు."

మోకాళ్ల నొప్పులు, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులిచ్చే మనవరాలు, పాట అయ్యేదాకా అవే కబుర్లు. తన తల్లి పోయిందని కబురు తెలిసిన వారం సుభద్ర ఆ ఫోన్‌లోనే ఏడ్చింది.

మూడేళ్లకు మలయాళీ ఆయన జబ్బుపడి స్టేషన్ అమ్మేశాడు. కొన్నది హైదరాబాదు నుంచి వచ్చిన పాండురంగ.

"ఏమనుకోకుండ్రి ఆంటీ. ఇక్కడ పుట్టిన పిల్లలు వినాలె. వాళ్ల లెక్క మాట్లాడేటోళ్లు కావాలె."

సుభద్ర వాదించలేదు. తెలుగులో ఎవరైనా ఫోన్ చేస్తే తన నంబరివ్వమని అక్కడి అమ్మాయికి చెప్పి వచ్చేసింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, పిన్నికి ఇంగ్లీషు రాదు. ఫోన్ రానేలేదు. ఏడాది తిరక్కుండా స్టేషనూ మూతపడింది.

2008లో ఊరికి ఉత్తరాన ఆల్బనీలో ఒక గృహప్రవేశంలో, పక్కన కూర్చున్న ఆశాజ్యోతి అనే ఆమె తన అత్తగారి సంగతి ఎత్తింది.

"కిందటి చలికాలం పోయారండీ. రోజూ పొద్దున్నే ఇంగ్లీషు రేడియో పెట్టుకునేవారు, ఒక్క ముక్క రాదు. అందులో ఒకావిడ మానేశాక కూడా అదే పెట్టుకుని కూర్చునేవారు. 'మా అమ్మాయి సెలవు పెట్టింది, వస్తుందిలే' అనేవారు ఆమె గురించి. మతి తప్పిందేమో అనుకున్నాం."

సుభద్ర ఆమె వైపు పూర్తిగా తిరిగింది.

"మీ అత్తగారి పేరేమిటమ్మా?"

"రాజ్యం. మీకు తెలుసా ఆంటీ?"

"ఫోన్‌లో తెలుసు."

తర్వాతి ఆదివారం వాళ్లింటికి వెళ్లి, దండ వేసిన ఫొటోలో ఆవిణ్ణి మొదటిసారి చూసింది. తను ఊహించుకున్నదానికంటే బాగా చిన్న ఆకారపు మనిషి.