మిరప కల్లంలో యేసయ్యతో పోట్లాట

పోయినేడు మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన జరుగుతుండగా ఉరుము వినిపించింది. కల్లంలో మా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. లేవబోతే పాస్టరమ్మగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"విశ్వాసం లేదా మరియమ్మా? ప్రభువే చూసుకుంటాడు, కూర్చో."

సిగ్గేసి కూర్చున్నాను. ఆరాధన అయి కల్లానికి పరిగెత్తేసరికి కాయలన్నీ వానకు తడిసి ముద్దయ్యాయి. ఒళ్లు మండిపోయింది. టార్పాలిన్ పట్టా లాగుతూ ఆకాశంలోకి చూసి అరిచాను.

"ఏమయ్యా యేసయ్యా, ఇదేనా నువ్వు చూసుకోవడం? ఇప్పుడైనా దిగొచ్చి ఈ కొస పట్టుకో!"

వెనకే వచ్చిన పాస్టరమ్మగారు "దేవదూషణ! నోర్ముయ్" అన్నారు.

"నేను ఆయనతో మాట్లాడుతున్నా. మధ్యలో మీరెవరండీ?" అన్నాను.

అప్పటిదాకా అన్నేళ్లూ ఆవిడ నేర్పిన ప్రార్థనే అప్పజెప్పాను. సొంత మాటలతో ఆయన్ని పిలిచింది ఆరోజే. కోపం ఇంకా చల్లారలేదు, రోజూ పోట్లాడుతూనే ఉన్నాను. ఆయన మాత్రం ఒక్కసారీ నన్ను నోర్ముయ్యమనలేదు.