ఆరున్నొకటి

"మీ బావ ల్యాడురా" అని పొద్దున అక్క ఫోన్ చేస్తే నేను నవ్వాను. మీరు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. ముప్పయ్యేళ్లుగా బావా నేనూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూనే ఉన్నాం. ఇదీ ఆయన ఆటే అనుకుని, "సర్లే, ఫోను ఆయనకియ్యి" అన్నాను. అవతల అక్క బోరుమంది. ఆళ్లగడ్డలో నా ఫోటో స్టూడియో షట్టరు సగం ఎత్తి అట్లాగే నిలబడిపోయాను. నిన్న సాయంత్రం నాతో మాట్లాడిన మనిషి!

బావ నంద్యాల మార్కెట్ యార్డులో వడ్లు కొలిచేవాడు. రాశి చుట్టూ ఒకసారి తిరిగి ఇన్ని బస్తాలని చెబితే, తూకంలో ఇంచుమించు అన్నే వచ్చేవి. కొలిచేటప్పుడు ఒకటి అనడు, 'లాభం' అంటాడు. ఏడు అనడు, 'ఆరున్నొకటి' అంటాడు.

"ఏడంటే ఏడుపేరా. గింజల కాడ ఏడుపు మాటేందీ?"

ఆయన నోట ఏడు అనిపించాలని నేను వేయని వేషం లేదు. "వారానికి రోజులెన్ని బావా?" అని అడిగితే, "బడికి పోయింటే నీకే తెలిసుండు గదరా పప్పూ" అన్నాడు. నేను ఐదో తరగతిలోనే బడి ఎగ్గొట్టినవాణ్ణి. నా పేరు మానేసి పప్పు అనే పిలిచేవాడు.

వాళ్ల పాప సముద్రపు పక్షుల మీద పరిశోధన చేస్తోంది. దీవిలో గుడ్లు పెట్టే పక్షులను డ్రోన్‌తో పైనుంచి ఫోటో తీసి, ఎన్ని ఉంటాయో అంచనా కట్టాలి. కంప్యూటరు నీటి నురగను కూడా పక్షి అనుకుంటుందట. అందుకని మనిషి లెక్కతో సరిచూసుకోవాలి. ఆ ఫోటో చూడగానే బావ, "ఇదీ రాశే గదమ్మా" అన్నాడు. ఎంచాల్సిన నాలుగు గళ్లు పాప గీసి పంపేది. నేను పెద్దగా అచ్చు వేసిచ్చేవాణ్ణి. బావ ఆ గళ్లలో పక్షికొక నల్ల నువ్వు గింజ పెట్టి, గింజలెంచి, దీవి మొత్తానికి లెక్క చెప్పేవాడు.

"రాశంతా కొలవబన్లేదురా. నాలుగు తావుల చెయ్యి పెట్టు, అదే చెప్తాది."

ఈసారి నేను ఒక గడిలో ఏడు దొంగ పక్షులను కలిపి అచ్చు వేశాను. 'దొంగవెన్ని బావా?' అని అడిగితే ఇక తప్పించుకోలేడని. నిన్న ఫోన్‌లో నవ్వు ఆపుకున్నానే గానీ ఆ సంగతి చెప్పలేదు.

నంద్యాల బస్సులో నాకదే దిగులు. ఒక గడిలో తప్పు పడితే దీవంతా తప్పే. పాప చదువుకు తప్పుడు లెక్క, అదీ కొలతలో ఏనాడూ మాట పడని మనిషి చేతి ఆఖరి లెక్క.

ఇంట్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, ఒక్క గదిలో తప్ప. ఆ గదిలో బల్ల మీద ఫోటో. పక్కన పాప కాపలా కూర్చుంది. బయటినుంచి పురోహితుడు నల్ల నువ్వులు అడిగాడు.

"ఉండేటివన్నీ ఆ ఫోటో మీద్నే ఉండాయి సామీ" అంది అక్క.

వంగి చూశాను. నాలుగు గళ్లలోనూ పక్షి పక్షికీ నువ్వు గింజ ఉంది. నేను కలిపిన వాటి మీద మాత్రం లేదు. వాటి మీద తలా ఒక కందిపప్పు బద్ద.

"నిన్ననే పెట్టినాడు మామా" అంది పాప. "'నీడ లేని పక్షులివి, ఆళ్లగడ్డవి. రేపు ఆ పప్పుగాణ్ణి ఏడిపిస్తా చూడు' అని ఒగటే నవ్వు."

పాప రాసుకుంటూ ఉంటే నేను గింజలు ఒక్కొక్కటే ఎత్తి గిన్నెలో వేశాను. గింజ తీసిన చోటల్లా పక్షి తెల్లగా బయటపడింది. గిన్నె పురోహితుడికిచ్చి వచ్చి, నా పప్పుబద్దలు ఎత్తడం మొదలుపెట్టాను. లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.

మిగిలిన ఆ ఒక్క బద్దా ఇంకా ఆ పక్షి మీదే ఉంది. ఆ గదిలో ఇప్పటికీ ఎవరినీ ఫ్యాను వేయనివ్వడం లేదు నేను.