తుమ్ము కేసు తేలకుండానే వెళ్ళిపోయిన మావయ్యగారు

పోయిన నెల మా పక్కింటి మావయ్యగారు పోయారు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు తిరగేస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారట. నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోను చేసి ఏడుస్తూ చెప్పింది. చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు నిజమే రాయాలి గనక, ఆ క్షణంలో నాకేమనిపించిందో రాస్తున్నాను: "అన్యాయం! ఒప్పుకోకుండానే తప్పించుకున్నారు."

ఏం ఒప్పుకోవాలో చెబుతాను. తర్వాత తీర్పు మీరే ఇవ్వండి. పటమటలో మా వీధి మొత్తం ఆయన పక్షమే కాబట్టి నాకు న్యాయం బయటివాళ్ళ దగ్గరే దొరకాలి.

ఆయన కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. చుట్టరికం లేదు, గోడ పక్కన గోడ కావడంతో వరస కలిసింది. రిటైరయ్యాక ఆయన చూపు స్తంభాల మీంచి కంప్యూటర్ల మీదికి దిగింది. వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా చేతిలో స్క్రూడ్రైవరు, నడుముకి ముక్కుపొడుం డబ్బీతో హాజరయ్యేవారు. ర్యామ్ ముక్కని పిల్లల రబ్బరుతో రుద్దేవారు, సైకిలు పంపుతో దుమ్ము కొట్టేవారు. "ముందు కేబులు చూడు, తర్వాత కర్మ చూద్దాం" అనేది ఆయన మాట. ఆ రెంటి మధ్యలో పంచాంగం కూడా చూసేవారు. అక్కడే నా కొంప మునిగింది.

బీటెక్ ఆఖరి సంవత్సరంలో నేనూ ఆయనా ఒకేరోజు ఒకే షాపులో ఒకే రకం కంప్యూటర్లు కొన్నాం. విండోస్ ఎక్కిద్దామంటే అసలు హార్డ్ డిస్కే లేదంటుంది తెర. నేను షాపు మీద యుద్ధానికి బయల్దేరుతుంటే ఆయన ఆపారు.

"డిస్కు ఉందిరా అబ్బాయ్. దాని భాష దీనికి రాదు, అంతే. మధ్యలో దుబాసీ కావాలి. దాన్నే డ్రైవరంటారు."

బిస్కెట్ల రేకు డబ్బాలోంచి ఓ ఫ్లాపీ తీసి, మొదట్లోనే ఒక మీట నొక్కి ఆ డ్రైవరు ఎక్కించారు. డిస్కు కనబడింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు ఆయన కాళ్ళకి దండం పెట్టాను. ఆ దండం వాపసు తీసుకునే వీలుంటే ఈ పాటికి తీసుకునేవాణ్ణి.

కొన్నాళ్ళకి రెండు డిస్కులూ ఒకేలా అలగడం మొదలుపెట్టాయి. ఒకరోజు కనబడేవి, ఒకరోజు కనబడేవి కాదు. ఫర్మ్‌వేర్ మార్చుకోమని కంపెనీవాళ్ళు నెట్‌లో పెట్టారు. ఫర్మ్‌వేర్ అంటే డిస్కు లోపల పుట్టుకతో రాసిపెట్టిన బుద్ధి. అది మారుస్తుండగా కరెంటు పోయిందా, సగం పాత బుద్ధి, సగం కొత్త బుద్ధితో డిస్కుకి పిచ్చెక్కుతుంది. మరి రెండు డిస్కుల్లో ముందు ఎవరిది మార్చాలి? నాది. ఎందుకు? "నువ్వు కుర్రాడివి, ధైర్యం ఉండాలి."

ఆ డిస్కులో నా ఫైనలియర్ ప్రాజెక్టు ఉంది.

"మావయ్యగారూ, ముందు ప్రాజెక్టు కాపీ చేసుకుంటానండీ. మా ఫ్రెండు సీడీ రైటరు తెస్తానన్నాడు."

"ఎప్పుడు తెస్తాడు?"

"సాయంత్రం."

"సాయంత్రమంతా వర్జ్యం. పదింటికి దివ్యమైన ముహూర్తం. పదిన్నర దాకా మన లైను తియ్యొద్దని సబ్‌స్టేషన్ కుర్రాళ్ళకి చెప్పొచ్చాను. ఇంకేం కావాల్రా నీకు?"

ఎండాకాలం. రోజూ పదింటికి తీసే కరెంటుని నా డిస్కు కోసం అరగంట ఆపించిన మనిషి ఆయన. ఇది ఆయన పక్షాన రాస్తున్న మొదటి సాక్ష్యం. చివరిదని అనుకుంటూనే రాస్తున్నాను.

పదయింది. వాళ్ళింటికి మోసుకెళ్ళిన నా కేబినెట్‌కి బొట్టు పెట్టారు. డబ్బీ తీసి ఓ పట్టు పొడుం పీల్చి, చెయ్యి దులిపి, మీట నొక్కబోయారు. ఆ దులిపిన పొడుం నా ముక్కులోకి వచ్చింది. తుమ్మాను.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒంటి తుమ్మురా. ఏవే, మంచినీళ్ళు పట్రా!"

అత్తయ్యగారు గ్లాసు తెచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని గుక్క గుక్కగా తాగారు. "పదిన్నర అవుతోందండీ" అన్నాను. "అశుభం మీద అడుగేస్తే అంతే సంగతులు. కాసేపు కూర్చుంటే దోషం పోద్ది" అన్నారు. కాపీ తీసుకోవడానికి లేని తీరిక దోషం పోవడానికి ఉంది! కూర్చున్నారు, నన్నూ కూర్చోబెట్టారు. దోషం పోయిందని తోచాక లేచి నొక్కారు. తెర మీద గీత సగం దాకా పాకింది. పైన ఫ్యాను ఆగింది.

ఉద్యోగమంతా ఊళ్ళో కరెంటు తీసిన మనిషి, జీవితంలో మొదటిసారి కరెంటు పోవడం చూసినట్టు ఫ్యాను వంక చూశారు. "వచ్చేస్తదిలే" అన్నారు. కరెంటు వచ్చింది, డిస్కు రాలేదు. లోపల ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్ టక్‌మంది, అంతే.

షాపుకి పట్టుకెళ్ళాం. షాపు భాయ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"దీనికి నేను చెయ్యగలిగింది దువా ఒక్కటేనండీ. మధ్యలో కరెంటు పోయిందా?"

"కరెంటు సంగతి కాదు భాయ్" అన్నారు మావయ్యగారు, నా భుజం మీద చెయ్యేసి. "వీడు తుమ్మాడు."

షాపులో ఉన్నవాళ్ళంతా నన్ను చూశారు. నేను ఇంటికి చేరేలోగానే ఆ వార్త వీధికి చేరింది. ఆ రోజు నుంచి నేను తుమ్ముల ఇంజనీరుని. కర్రీ పాయింటుకి వెళితే అక్కడి కుర్రాడు "ఇంజనీరు గారూ, గోంగూరా, దోసకాయా? పోపు ఘాటుగా ఉంది, దూరంగా నిలబడండి" అనేవాడు. ఎవరింట్లోనైనా స్కూటరు స్టార్టు కాకపోతే ముందు మా ఇంటి వైపు చూసేవారు.

ముక్కు నాదే, ఒప్పుకుంటాను. మరి పొడుం ఎవరిది? ముహూర్తం ఎవరిది? ఆ కూర్చోవడం ఎవరి శాస్త్రం? ఇది వీధిలో నలుగురి ముందూ ఆయన నోటితో చెప్పించాలని పంతం పట్టాను. "ఒప్పుకోండి మావయ్యగారూ" అని కనబడ్డప్పుడల్లా అడిగేవాణ్ణి. "ఒప్పుకుంటాలే, నువ్వు తుమ్మలేదని ఒట్టేయ్" అనేవారు.

అయితే ప్రాజెక్టు మళ్ళీ టైపు చేసుకున్నన్నాళ్ళూ రోజూ మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చున్నది కూడా ఆయనే. నా చిత్తు కాగితాలు పట్టుకుని ఇంగ్లీషు మాటల్ని ఒక్కో అక్షరమే గట్టిగా చదివి చెప్పేవారు. కృతజ్ఞత చెబుదామని నోరు తెరిస్తే, "తుమ్మినవాణ్ణి వదిలెయ్యలేం కదరా" అన్నారు. మళ్ళీ టైపులో పడ్డాను.

పగ తీర్చుకున్నాను కూడా. అత్తయ్యగారు ఆ కంప్యూటర్లో ముక్కలాట ఆడతారు. ఓ రోజు ఆవిడకి కొత్త ఆట నేర్పే నెపంతో వెళ్ళి, నా తుమ్మునే రికార్డు చేసి, కంప్యూటరు తెరుచుకున్నప్పుడల్లా మోగే సంగీతం స్థానంలో పెట్టేశాను. మర్నాడు గోడ అవతల నుంచి "హాఛ్" అని వినిపించింది. తర్వాత, "ఏవే, మంచినీళ్ళు!" గోడ ఇవతల నేను నేల మీద పడి దొర్లాను.

డ్రైవర్లు మార్చే మనిషికి ఆ శబ్దం తీసెయ్యడం చిటికెలో పని. తీసేస్తారు, ఇంకోటి పెడదామని కాచుక్కూర్చున్నాను. తీయలేదు. ఇంకోటి పెట్టే అవకాశం రాక నా కసి అలాగే మిగిలిపోయింది.

ఆ రోజుల్లోనే ఆయన ఇటుకలంత బరువున్న యూపీఎస్ ఒకటి కొని మోసుకొచ్చారు. "ఎందుకండీ ఇది?" అన్నాను, ఒప్పుకుంటారేమోనని. "మీ అత్తయ్య ముక్కలాట మధ్యలో ఆగిపోతోందిరా" అన్నారు. తన డిస్కుకి ఫర్మ్‌వేర్ మాత్రం మార్చలేదు. అడిగితే ముహూర్తం కుదరలేదనేవారు. ఎన్నేళ్ళు కుదరలేదు!

పెద్దకర్మ అయిపోయింది. ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం అత్తయ్యగారు గోడ మీంచి పిలిచారు.

"నాయనా, కంప్యూటరు డిస్కు లేదంటోంది. కాసేపు ముక్కలాడుకుందామంటే కుదరట్లేదు. ఇల్లంతా ఏదోలా ఉంది."

వెళ్ళాను. అదే డిస్కు, అదే అలక. బల్ల పక్కనే గోడకి దండతో ఆయన ఫోటో. గడియారం చూశాను. రాహుకాలం. ఇన్నేళ్ళకి! ఆయన కళ్ళముందే, రాహుకాలంలో, బొట్టు పెట్టకుండా ఫర్మ్‌వేర్ మార్చి చూపిస్తాను. అప్పుడు ఏ ఫోటో ఏమంటుందో చూద్దాం.

ముందు కేబులు పీకి బిగించాను. రెండు మూడుసార్లు ఆన్ చేస్తే డిస్కు కనబడింది. ఆవిడ ఫైళ్ళన్నీ కాపీ తీశాను. అప్‌డేట్ సీడీ మా ఇంట్లోంచి తెచ్చి పెట్టి, ఫోటో కళ్ళలోకి చూస్తూ మీట నొక్కాను.

గీత సగం దాకా పాకింది. పైన ఫ్యాను ఆగింది.

కానీ తెర ఆరలేదు. బల్లకింద ఆయన యూపీఎస్ కీచుకీచుమని అరుస్తోంది. అరుస్తూనే మోసింది. గీత చివరిదాకా వెళ్ళింది.

గెలిచానా, ఓడానా అని ఫోటో వంక చూస్తూ ఉండగానే కంప్యూటరు మళ్ళీ తెరుచుకుంది. స్పీకర్లోంచి నా తుమ్ము గట్టిగా వినబడింది.

వంటింట్లోంచి చెంబు చప్పుడైంది. అత్తయ్యగారు గ్లాసుతో నీళ్ళు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి, అప్పుడు గుర్తొచ్చినట్టు ఆగిపోయారు.

"అలవాటైపోయింది నాయనా. రోజూ ఆ తుమ్ము వినగానే ఇట్టా తెచ్చి పెడితే, నవ్వుకుంటా తాగేవారు. తీసేద్దామండీ అంటే, ఉండనీవే, వాడికి నామీద కోపం ఇంకా తగ్గలేదని తెలుస్తోంది, అనేవారు."

నేను నీళ్ళు తాగలేదు. అవి ఎవరి నీళ్ళో నాకు తెలుసు. కుర్చీలో కూర్చున్నాను, దోషం పోయేదాకా. మసక గదిలో తెర వెలుతురు ఫోటో అద్దం మీద పడుతోంది. కేబినెట్ ఫ్యాను అదురుకి గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి.