కడగొద్దన్న ద్రాక్ష

“ద్రాక్ష కొనేవాడు ఎవడన్నా కడగొద్దంటాడా, నువ్వే చెప్పు. జామకాయ తీసుకున్నా కాసిని నీళ్ళు చల్లియ్యి భాయ్ అంటారు. ఈయనకు మాత్రం పైనుండే తెల్లదుమ్ము పోకూడదంట. కాడ పట్టుకొని ఎత్తాలంట, చంటిబిడ్డను ఎత్తినట్ల.”

అబ్దుల్ గఫార్ ఈ మాటలంటూనే ఒక కన్ను బస్టాండు గేటు మీద వేసి ఉంచాడు. గిద్దలూరు బస్టాండు ఎదుట ఆయనది పండ్ల బండి. కాలాన్ని బట్టి పండు మారుతుంది గానీ బండి అక్కడి నుంచి కదలదు. ఇప్పుడు గింజలున్న నల్ల ద్రాక్ష కాలం. పక్కన టీ తాగడానికి వచ్చినప్పుడల్లా ఆయన దగ్గర కాసేపు నిలబడటం నాకు అలవాటు. ఈ మధ్య ఆయన పండ్ల సంగతి మాట్లాడటం లేదు. కొనేవాళ్ళ సంగతి మాట్లాడుతున్నాడు.

‘ఈయన’ అంటే కాశయ్య. కొమరోలులో ఉంటాడు, రిటైరైన బస్సు కండక్టరు. డ్యూటీలో ఉన్న కాలంలో గఫార్ పండ్ల పెట్టెలను బస్సు టాపు మీదికి ఎక్కించి, ఎండ తగలకుండా గోనెపట్టా కప్పి, ఒక్క కాయ నలగకుండా దించేవాడు. ఇద్దరికీ దోస్తీ అక్కడే మొదలైంది. ఇప్పుడు ద్రాక్ష వచ్చిందంటే వారానికోసారి బస్సు దిగుతాడు, గంపెడు నల్లవి పట్టుకుపోతాడు.

“ఏం చేస్తావన్నా ఇన్ని, అని అడిగినా. సిర్కా పెడుతున్నా భాయ్ అన్నాడు. నాకు సంతోషమైంది. సిర్కా అంటే వెనిగరే కదా, మాకు మంచిది. కూరలోకి, ఉల్లిపాయల్లోకి ఏసుకుంటాం. మత్తు ఉండదు. అట్లని రెండేండ్లు ఇచ్చినా. పోయిన నెల ఆ రాజేష్ గాడు వచ్చి నా నిద్ర చెడగొట్టినాడు.”

రాజేష్ బెంగళూరులో పెద్ద హోటల్లో పనిచేసి వచ్చి ఇక్కడ సెల్‌ఫోన్ల దుకాణం పెట్టినవాడు. ఒకరోజు అతనూ కాశయ్యా ఈ బండి దగ్గరే ఎదురుపడ్డారు. ఇద్దరి చేతులూ ఒకే గంపలో ఉన్నాయి. ఇంట్లో ద్రాక్ష పులియబెట్టే పద్ధతి మీద వాదన ఎలా మొదలైందో గఫార్‌కు గుర్తులేదు. ఎలా సాగిందో మాత్రం ఇద్దరి గొంతులతోనూ ఆడి చూపించాడు.

“పెద్దాయనా, నీదాంట్లో చక్కెర ఎక్కువైంది. దగ్గుమందు మాదిరి ఉంది.”

“నీది నాలికకు తగిలితే పళ్ళు జివ్వుమంటాయి. ప్యాకెట్లో ఈస్టు పొడి తెచ్చి కలిపితివి, అదేమన్నా బన్నురొట్టెనా? కాయ మీద దుమ్ము ఉందే, అదే పులియబెడతాది.”

“గాజుసీసాలో పెట్టు అంటే వినవు. ఆ జాడీలో మీ అత్త కాలం నుంచి ఆవకాయ ఉండె. నీ సరుకు మూత తీస్తే ఆవాల వాసన.”

“ఆవకాయ జాడీ కాబట్టే లోపలికి గాలి పోదురా. మూత సరిగ్గా పెట్టకపోతే సిర్కా అయిపోతాది!”

ఇక్కడ గఫార్ ఆగాడు. బండి మీద ఈగను తోలి నా వైపు వంగాడు.

“సిర్కా అయిపోతాది. ఆ మాట విన్నావా? మూత పెట్టకుంటే ఉన్న సిర్కా ఖర్చయిపోతాది, ఆవిరైపోతాది అన్నాడా? లేకుంటే, బంగారం లాంటి వైన్ పెట్టుకుంటే గాలి తగిలి సిర్కాగా మారిపోతాది అని ఏడ్చినాడా? అప్పుడే మార్కాపురం బస్సు హారన్ కొట్టింది. ఆయన మొహం చూసేలోగా తల తిప్పేసినాడు.”

రాజేష్ సంగతి ఆ రోజే తేలిపోయింది. నీది ఏందిరా అని అడిగితే దాపరికం లేకుండా వైన్ అన్నాడు. “తోబా! నా పండుతో వైన్స్ నడుపుతావా?” అన్నాడు గఫార్. “వైన్స్ అంటే దుకాణం భాయ్, బ్రాందీ అమ్మేది. ఇది వైన్. పండ్ల రసం. రెండూ వేరే.” “ఒక్క ‘స్’ తీసేస్తే హరామ్ పోయి హలాల్ అయితాదా? పో, నీకు ద్రాక్ష లేదు.” అంతే.

కాశయ్యను అలా పొమ్మనలేడు. మత్తుకు పోతుందని తెలిసి పండు అమ్మితే ఆ పాపంలో తనకూ పాలు ఉంటుందని గఫార్ నమ్మకం. తెలియకుండా స్నేహితుడిని అనుమానిస్తే అదీ పాపమే.

“ఇట్ల పోతే గునా, అట్ల పోతే గునా. మా ఇంటామె హాజిరాను అడిగితే, మీ దోస్తే కదా, నోరు తెరిచి అడగరాదా అంటాది. అడిగినాక సిర్కానే భాయ్ అని ఆయన నవ్వితే? నమ్మినా నమ్మకున్నా దోస్తీ మిగలదు.”

అనుమానం అలవాటై గఫార్ ఒకసారి తప్పులో కాలేశాడు కూడా. చర్చికి పోయే సుబ్బరత్నమ్మ వచ్చి, గింజలవే కావాలి, ద్రాక్షారసానికి అంది. బండి నిండా పండ్లు పెట్టుకొని లేవన్నాడు.

“ఏం నాయనా, కండ్లకు మసకలు కమ్మినాయా? ఇవేంది, వంకాయలా?”

“పులిసే రసానికి ఇయ్యనమ్మా.”

“పులిసేదాకా ఎవరు ఆగుతారు? పొద్దున పిండి, కాచి, వడగట్టి, మధ్యాహ్నానికల్లా పంచేస్తాం. మా పాస్టరుగారు పులుపు వాసన తగిలితే పారబోయమంటాడు. నీకంటే గట్టోడు!”

ఆ రోజు పండ్లు తానే ఆమె ఇంటిదాకా మోసుకుపోయి ఇచ్చి వచ్చాడు. అప్పటి నుంచి ఎవరి మీదా రుజువు లేకుండా మాట తూలకూడదనుకున్నాడు. అలాగని అనుమానమూ పోలేదు. కాశయ్య కిందటిసారి కాయ ఒకటి చిదిమి వాసన చూసి కళ్ళు మూసుకున్నాడట.

“సిర్కా పెట్టేవాడు అట్ల కండ్లు మూసుకుంటాడా? నేను నమాజులో కూడా ఒకటే అడుగుతున్నా. ఆ జాడీలో ఉన్నది వైనే అయితే, దానికి బాగా గాలి తగలాల, పులిసి పాడై నిజంగానే సిర్కా అయిపోవాల. ఆయనకు నష్టం, నాకు ఊపిరి. దోస్తుకు చెడు కోరుకుంటున్నా, చూడు!”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. బండి కింద నుంచి ఒక గంప ముందుకు లాగాడు. దాని మీద తడిగుడ్డ లేదు, పొడి కాగితం కప్పి ఉంది. కడగని ద్రాక్ష. రేపు కాశయ్య వచ్చే రోజు. తర్వాత ఖాళీ సీసా ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

“నువ్వు తాగుతావో లేదో నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. కొమరోలు బస్సు నిలబడి ఉంది. కాశయ్యన్న ఇంటికి పో. గఫార్ పంపినాడని చెప్పొద్దు. ఇంట్లో బిర్యానీ చేస్తున్నారు, ఉల్లిపాయల్లోకి కాస్త సిర్కా కావాల అని అడుగు. నింపి ఇస్తే సంతోషంగా పట్టుకరా, మూత నేను తీస్తా. ఏదో సాకు చెప్పి ఉత్త సీసా పంపించినాడనుకో, ఇయ్యాల మాత్రం ఈ పక్కకు రావొద్దు, ఈ ఒక్క రాత్రి నన్ను నెమ్మదిగా నిద్రపోనీ. రేపు ఆయన బస్సు దిగేలోపల వచ్చి చెప్పు.”