రీమర్ చివరిసారి దిగిన రాళ్ళ దాకా

ఈ ప్రయాణం ఒక సమాధి రాయి కోసం మొదలైంది. మా మార్గరెట్ ఆంటీకి ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళ కిందట నేనూ, కరీంనగర్ రవీ స్టూడెంట్ వీసాల మీద సిడ్నీలో దిగినప్పుడు, పెండిల్ హిల్‌లో తన ఇంటి వెనక గది మాకు అద్దెకిచ్చింది ఆవిడే. మా సాంబారుని ‘మీ సూప్’ అనేది. పోపు వాసనకి కిటికీలు తెరుచుకునేది గానీ, ఒక్కరోజు కూడా వద్దనలేదు. ఆ గదిలో మా మంచాల పైన గోడకి ఒక సముద్రం బొమ్మ ఉండేది. నల్లటి రాళ్ళు, వాటి మీద విరగబోతున్న ఒకే ఒక్క ఆకుపచ్చ అల. విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివి, ఇక్కడికొచ్చి అకౌంటింగ్‌లో చేరిన నాకు ఆ బొమ్మని చూస్తే ధైర్యంగానూ ఉండేది, సిగ్గుగానూ ఉండేది. దాన్ని గీసింది ఆంటీ వాళ్ళ తాత, అంటే వాళ్ళమ్మ ఎల్సా తండ్రి, యోహాన్ రీమర్. జర్మనీలో పుట్టి, ఓడ మీద పనివాడిగా వచ్చి, ఇక్కడే ఆగిపోయి, బతికినన్నాళ్ళూ సిడ్నీకి దక్షిణాన ఉన్న తీరాన్నే గీశాడు. పేరు రాలేదు, డబ్బూ రాలేదు.

ఆయన ఎలా పోయాడో ఆంటీ మాకు అప్పట్లో చెప్పలేదు. ఇప్పుడు టూంగాబీ దగ్గర వృద్ధుల ఏజ్డ్ కేర్ హోమ్‌లో ఉంటోంది. మొన్న చలికాలంలో చూడ్డానికి వెళ్తే చెప్పింది. రెండో యుద్ధానికి ముందు, ఒక చలికాలం పొద్దున ఎల్సాకీ తండ్రికీ పెద్ద గొడవైందట. అప్పటికి ఎల్సా పెళ్ళీడు పిల్ల. “నీ జర్మన్ పేరు వల్లే ఈ ఊళ్ళో నన్నెవరూ చేసుకోవట్లేదు” అని మొహం మీదే అనేసిందట. ఆయన మారు మాట్లాడకుండా బూట్లు వేసుకుని, రంగుల పెట్టె పట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు శవం దొరికింది. గట్టు మీద గడ్డిలో బూట్లు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి, వాటి మీద కోటు మడతపెట్టి ఉంది, రంగుల పెట్టె మాత్రం దొరకలేదు. బూట్లు విప్పి పెట్టి నీళ్ళలోకి నడిచాడని ఊరంతా తేల్చేసింది, ఇంట్లోవాళ్ళూ అదే నమ్మారు. ఎల్సా తన నోటితోనే తండ్రిని చంపుకున్నానని అనుకుంటూ బతికింది, అలా అనుకుంటూనే పోయింది. ఆయన సమాధికి రాయి కూడా పెట్టనివ్వలేదు. ఇప్పుడు ఆంటీకి ఆ రాయి పెట్టాలని ఉంది. చెక్కేవాడు ఏం రాయాలో చెప్పమంటున్నాడు. “ఆయన కావాలని వెళ్ళుంటే పేరొక్కటే రాయిస్తాను. కాకపోతే ఇంకా రాయించాల్సింది ఉంది. నాకు తెలిసినవాళ్ళలో బ్రష్ పట్టినవాడివి నువ్వొక్కడివే, కనుక్కో” అంది. కాదనడానికి నాకు నోరు రాలేదు.

ముందు రాష్ట్ర ఆర్కైవ్స్‌కి ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టి, రుసుము కట్టి, మరణ విచారణ కాగితాల నకలు తెప్పించుకున్నాను. కొన్ని వారాలు పడుతుంది, మీరూ ఇలాంటి పని మీద బయల్దేరితే ఇదే ముందు చేయండి. నాలుగుసార్లు చదివాను. మునిగి చనిపోయాడు, ఎలా మునిగాడో తేలలేదు అని ఉంది. అంత వరకు మాకూ తెలుసు.

రవి ఇప్పుడు పెర్త్‌లో, హారిస్‌డేల్‌లో ఉంటున్నాడు. వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికని సిడ్నీ వస్తే, ఉండే నాలుగు రోజుల్లో శనివారం నాకిమ్మని లాక్కొచ్చాను. పొద్దున ఏడున్నరకి పెండిల్ హిల్‌లో బయల్దేరాం. లివర్‌పూల్ దాటి హీత్‌కోట్ రోడ్డెక్కితే హోల్స్‌వర్తీ పక్కనుంచి పోతుంది. మొదటి యుద్ధంలో జర్మన్లని నిర్బంధించిన శిబిరం అక్కడే ఉండేది. రీమర్‌ని కూడా కొన్నేళ్ళు అందులోనే ఉంచారని ఆంటీ చెప్పింది. బయటికొచ్చాక కూడా ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువట, ‘ఆ జర్మన్’ అనే అనేవాళ్ళట. ఇప్పుడక్కడ కంచె, చెట్లు తప్ప కారులోంచి ఏమీ కనబడదు.

ఎనిమిదిన్నర దాటాక హెలెన్స్‌బర్గ్‌లో ఆగాం. ఈ దారిన పోతూ వెంకన్న గుడికి వెళ్ళకపోతే ఇంట్లో ఊరుకోరు. మొదటి సెమిస్టర్‌లో ఎవరిదో కారులో ఆరుగురం ఇరుక్కుని ఇక్కడికొచ్చి, దేవుడి కంటే ముందు క్యాంటీన్‌కే దండం పెట్టిన రోజులు గుర్తొచ్చాయి. దర్శనమయ్యాక ఈసారీ పులిహోర తిన్నాం. వారాంతాల్లో క్యాంటీన్ ఉంటుంది, ఇద్దరికీ కాఫీతో కలిపి పాతిక డాలర్లు దాటలేదు. వడ్డిస్తున్న నెల్లూరు ఆంటీ ఎక్కడికని అడిగితే సముద్రం చూడ్డానికన్నాం. మేమిద్దరం వేసుకున్న తెల్లటి స్పోర్ట్స్ షూస్ చూసి నవ్వి, ఇంకో గరిటె వేసింది.

అక్కణ్ణుంచి బాల్డ్ హిల్ మీదకి వెళ్ళి కిందికి చూస్తే తీరమంతా ఒక్కసారి కనబడుతుంది. తర్వాత సముద్రం మీదుగా వంపు తిరిగే వంతెన, కొండకీ నీళ్ళకీ మధ్య ఇరుకు రోడ్డు, వూలంగాంగ్ వైపు వరసగా చిన్న చిన్న ఊళ్ళు. కారు లేకపోతే సెంట్రల్ నుంచి సౌత్ కోస్ట్ రైలు ఎక్కండి. వారాంతంలో టికెట్టు చవకే గానీ, ఈ చిన్న స్టేషన్లలో ఆగే రైళ్ళు తక్కువ, తిరుగు బండి వేళ ముందే చూసుకోవాలి. మేం దిగిన ఊరి పేరు రాయను. ఆ రాళ్ళ మీద ఇప్పటికీ మనుషులు పోతున్నారు, జనాన్ని పంపొద్దని అక్కడొకాయన నా చేత మాట తీసుకున్నాడు.

ఆటు పది గంటలకని చూసుకుని దిగాం. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయి, బల్లపరుపు రాతి నేల బయటపడుతుంది. దాని మీద సన్నటి పచ్చటి నాచు ఉంటుంది. రవి అలవాటు కొద్దీ షూస్ విప్పి, గట్టు మీద పక్కపక్కన పెట్టి, ప్యాంటు మడుచుకుని చెప్పుల్లేకుండా దిగాడు. నేను తెలివైనవాడిని కదా, షూస్‌తోనే దిగాను. పది అడుగులు వేశానో లేదో, కాళ్ళు రెండూ గాల్లోకి లేచాయి. మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారింది. రవి నన్ను లేపడానికి ముందు కడుపారా నవ్వాడు.

కూర్చున్నచోటే ఉండి ఫోన్‌లో రీమర్ గీసిన ఆ అల బొమ్మ తెరిచాను. ఎదురుగా అవే రాళ్ళు. బొమ్మలో అల కొస దూరాన సముద్రం ఆకాశాన్ని తాకే గీత కంటే పైకి లేచి ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే ఏ అల కూడా అంత పైకి కనబడదు, నీళ్ళ పక్కన, ఇదిగో ఇలా కిందికి దిగితేనే కనబడుతుంది. ఇరవై ఏళ్ళ కిందట రెండేళ్ళపాటు రోజూ చూసిన బొమ్మలో ఈ చిన్న సంగతి పట్టుకోలేకపోయినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. రవికి చెప్తే వాడు ఫోన్‌నీ సముద్రాన్నీ మార్చి మార్చి చూశాడు.

“అరే, గిది మన రూంల ఉన్న బొమ్మే గదరా. ముసలాయన గీ నాచు మీదికి ఎట్ల దిగిండు? గీడ నిలబడుడే కష్టమైతాంది” అన్నాడు.

పదకొండున్నరకి ఆ ఊరి చరిత్ర సంఘం వాళ్ళ గదికి వెళ్ళాం. శనివారం ఒక్కపూటే తెరుస్తారు, ప్రవేశం ఊరికే, డబ్బాలో తోచినంత వేయొచ్చు. అక్కడ ఉన్నది కెవిన్, డెబ్బై దాటిన మనిషి. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు, చిన్నప్పట్నుంచీ ఆ రాళ్ళ మీదే చేపలు పట్టాడు. రీమర్ పేరు చెప్పగానే ఒక ఫైలు తీశాడు. అందులో రెండు చిన్న బొమ్మల ఫొటోలు, ఒక పత్రికా ముక్క ఉన్నాయి. పత్రికలోనూ బూట్ల సంగతే ఉంది. ‘అందరికీ తెలిసిందే కదా’ అన్నట్టు భుజాలెగరేశాడు. నేను విచారణ కాగితాలు ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని ఎప్పుడూ చూడలేదట. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, వరసవరసా చదవసాగాడు. మధ్యలో నా మోచెయ్యి చూసి ఏం వేసుకుని దిగావని అడిగాడు. షూస్ అన్నాను. తల అడ్డంగా ఊపి మళ్ళీ చదువుకున్నాడు. శవం మీద ఉన్న బట్టల జాబితా దగ్గర వేలు ఆగిపోయింది.

“ఇది చూశావా? కాళ్ళకి ఉన్ని సాక్స్, రెండు జతలు. పై జత అరికాళ్ళ దగ్గర చిరిగిపోయి ఉంది.”

చూశాను, చలికాలం కదా అనుకున్నాను అన్నాను.

“చలికి కాదు. మా నాన్న అలాగే దిగేవాడు. తోలు బూటు ఆ నాచు మీద నిలవదు, వట్టి కాలూ నిలవదు. తడి ఉన్ని పట్టుకుంటుంది. గట్టు మీద బూట్లు విప్పి, మామూలు సాక్స్ మీద పాత ఉన్ని జత ఒకటి తొడుక్కుని దిగేవాళ్ళు. పై జత రాళ్ళకి అరిగిపోతుంది, అందుకే చిరుగులు.” కెవిన్ కళ్ళజోడు తీశాడు. “చచ్చిపోదామని వెళ్ళేవాడు జారతానేమోనని చూసుకోడు బాబూ.”

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. కెవిన్ నిజాయితీగా, ఇది రుజువు కాదు, ఆ క్షణాన ఆయన మనసులో ఏముందో ఎవరికీ తెలీదు అని కూడా అన్నాడు. కానీ పనికి దిగాడు, పెద్ద అల లాక్కుపోయింది, అంతకంటే తను నమ్మేదేమీ లేదన్నాడు. జాబితా పేజీ ఫొటోకాపీ ఒకటి ఫైల్లో పెట్టమని ఇచ్చి బయల్దేరాం. దారిలో తిన్న ఫిష్ అండ్ చిప్స్ రుచి నాకు గుర్తు లేదు.

సాయంత్రం నాలుగున్నరకి టూంగాబీ చేరాం. రవిని చూసి ఆంటీ గుర్తుపట్టి, లావయ్యావంది. తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. ఊహ ఎంతో, తెలిసింది ఎంతో విడివిడిగా చెప్పాను. సాక్స్ సంగతి రెండోసారి చెప్పించుకుంది. ఏ జత చిరిగిందని అడిగింది. పై జత అన్నాను. పాత ఇంటి నుంచి తెచ్చి గోడకి తగిలించుకున్న ఆ అల బొమ్మ వైపు తిరిగింది.

“మా అమ్మ నన్ను ఒక్కసారి కూడా బీచ్‌కి తీసుకెళ్ళలేదు” అంది. “నేను కూడా ఆయన మీద కోపంగానే ఉన్నాను. మా అమ్మనలా వదిలేసి పోయాడని. ఇన్నేళ్ళలో ఆయనకి ఈత వచ్చో రాదో కూడా ఎవర్నీ అడగలేదు.” అప్పుడు ఏడ్చింది, ఎనభై ఆరేళ్ళ మనిషి తాత కోసం మొదటిసారి. రవి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. కాస్త తేరుకున్నాక నన్ను కాగితం తీసుకోమని మూడు వరసలు చెప్పి రాయించింది. యోహాన్ రీమర్, సముద్ర చిత్రకారుడు. పని చేస్తూ మునిగిపోయాడు. ఎల్సా తండ్రి.

తిరిగొచ్చేటప్పుడు మా పాత ఇల్లున్న వీధి మీదుగా వెళ్ళాం. అది పడగొట్టి రెండు కొత్త ఇళ్ళు కట్టి చాలా ఏళ్ళయింది. అయినా ఇద్దరం కారాపి, వెనక గది ఎక్కడుండేదో లెక్కవేసుకున్నాం. రవి వెళ్ళిపోయాక నన్ను వదలనిది ఒకటే. ఉన్ని సాక్స్ సంగతి ఆ ఊళ్ళో ఒక్క కెవిన్ తండ్రికే తెలుసా? రాళ్ళ మీద చేపలు పట్టే ప్రతివాడికీ తెలిసే ఉంటుంది. ఒక్కరు ఆ ఇంటి తలుపు తట్టి ఆ అమ్మాయితో ఒక్క మాట అనుంటే ఆమె బతుకు వేరేగా ఉండేది. కానీ జర్మన్ ఇంటి గడప ఎవరు తొక్కుతారు? అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ఆ పొద్దున ఎల్సా కోపంతో అన్న మాట, మనం ఇళ్ళల్లో రోజూ అనే మాటల కంటే పెద్దదేమీ కాదు. ఆమెకి సర్దిచెప్పుకునే సాయంత్రం దొరకలేదు, అంతే.

ఈ తీరానికి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఆటుపోటుల వేళలు ఫోన్‌లో చూసుకోండి, అలలు పెద్దగా ఉన్న రోజు రాళ్ళ మీదకి దిగకండి. దిగే రోజు మాత్రం, ఇంట్లో ఎంత గొడవైనా సరే, ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో ఒక్కరికైనా చెప్పి వెళ్ళండి.