సప్పిడి మాస్టర్

మొన్న ఇబ్రహీంపట్నం దవాఖానలో బీపీ చూసే నర్సమ్మ నా చేతికి పట్టీ బిగిస్తూ, "ఇంక ఏం పని జేస్తున్నవ్ తాతా?" అని అడిగింది. డెబ్బై దాటినవాణ్ణి, ఆ ప్రశ్నకు తల వంచుకుంటానా? "నిన్ననే ఒక్కన్నే వెయ్యి మందికి వండి వచ్చిన బిడ్డా" అన్నాను. ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి. ఆ మాటకు నా బీపీ కూడా కొంచెం లేచే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ వెయ్యి మంది మూడు వందలే. ఒక్కడినీ కాదు; పొయ్యి మీంచి పెద్ద పెద్ద గంజులు దించడానికి ఇద్దరు కూలివాళ్లు, ఉల్లిగడ్డలు కోయడానికి ఎప్పటిలాగే మా ఇంటామె ఉన్నారు. పెండ్లిళ్ల వంట మాస్టర్‌ని నేను. మా పనిలో గంటె ఎంత పొడవో మాట కూడా అంతే పొడవు.

ఆ పట్టీ నా చేతికి మొదటిసారి చుట్టిన ఏడాదే నా కొంప మునగబోయింది. డాక్టరు నా మొహమైనా చూడకుండా "ఉప్పు బంద్" అన్నాడు. ఆనాటి నుంచి ఇంట్లో నాకు సప్పిడి కూర, సప్పిడి చారు. పచ్చిపులుసూ సప్పిడే, అది తాగేకంటే దాంతో ఇత్తడి చెంబు తోముకోవడం మేలు. నెలలు గడిచేసరికి నాలుక ఆ రుచికే అలవాటు పడిపోయింది. ఆ సంగతి నాకు తెలియలేదు. కొంగరకలాన్‌లో ఒక పెండ్లికి పప్పూ సొరకాయా వేసి దాల్చా వండి, మా వంటవాళ్ల పద్ధతి ప్రకారం గంటెతో నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకుని నాకి చూశాను. అమృతం. బంతిలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దాయన చెయ్యెత్తి, "మాస్టర్, గిది పెండ్లి బువ్వనా, దవాఖాన బువ్వనా?" అని అరిచాడు. పొద్దుగూకేసరికి నాకు సప్పిడి మాస్టర్ అని పేరు పడిపోయింది.

మా పెద్దోడు లోపల్లోపల సంతోషించాడు. "ఇగ సాలు బాపు, ఇంట్ల కూసో" అన్నాడు. వచ్చే పెండ్లి హయత్‌నగర్‌లో మా అన్న మనుమరాలిది. అదీ చెడితే ఇక నన్ను పిలిచేవాడుండడు. ఇంట్లో కూర్చోవడమంటే నాకు సూదిమందు కంటే భయం. తెల్లారగట్ల లేచి పొయ్యి ముట్టించకపోతే ఆ పొద్దును ఏం చేసుకోవాలో తెలియదు. మోకాళ్ల నొప్పి కూడా గంజు పక్కన నిలబడ్డప్పుడే మరిచిపోతాను. నా దిగులు చూసి మా ఇంటామె, "నీ నాలుకకు తెల్వకుంటే నాకు నాలుక లేదా?" అంది. కానీ నలుగురి ముందు ఆమెను పిలిచి ఉప్పు చూపిస్తే మాస్టర్ పరువేం కావాలి? అందుకని ఒక ఉపాయం ఆలోచించాం. గిన్నెలో కొంచెం దాల్చా ఆమె దగ్గరికి పంపుతాను. ఉప్పు తక్కువైతే ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కోవాలి. సరిపోతే ఊరికే ఉండాలి.

పెండ్లి రోజు ఉల్లిగడ్డల కుప్ప దగ్గర కూర్చుని ఆమె దాల్చా తాగింది, కొంగు లాక్కుంది. గుప్పెడు వేశాను. మళ్లీ పంపాను. కొంగు జార్చుకుని ఊరికే కూర్చుంది. గండం గడిచిందనుకునేంతలో మళ్లీ గబగబా కొంగు కప్పుకుంది! ఇంకో గుప్పెడు తీసి గంజు మీదికి చెయ్యి చాచాను.

"ఆగు! గిది నీకు గాదు, బావకు!" అని ఆమె కేక పెట్టింది.

చూస్తే ఎదురుగా మా అన్న. బావగారు ఎదురుపడితే నెత్తిన కొంగు కప్పుకోవడం మా ఇళ్లలో ఆడవాళ్ల మర్యాద. పిడికిలి గాలిలోనే ఆగిపోయింది. అన్నకు సంగతి అర్థమై, "ఓరి నీ! ఉప్పు జూసేది మర్దలా? మరి ఆమెను గంజు కాడ నిలవెట్టక ఈ కొంగు నాటకమేందిరా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పూట బంతిలో దాల్చా మళ్లీ మళ్లీ అడిగారు.

ఇప్పుడామె గంజు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వయసు ఒక్కసారిగా వచ్చి మీద పడదు. ఒకనాడు మోకాళ్లు, ఇంకోనాడు నాలుక, బదులడిగి తిరిగివ్వని పక్కింటివాడిలా ఒక్కొక్కటే పట్టుకుపోతుంది. ఈ మాట రాసి, భలే కుదిరిందనుకుని ఆమెకు చదివి వినిపించాను.

"వయసు మీద ఎందుకు ఏస్తవ్?" అంది, చేతిలోని ఉల్లిగడ్డ మీంచి చూపు తిప్పకుండానే. "కొంగరకలాన్ల నువ్వు నాకి జూసింది లేదు, పాడు లేదు. గొప్పలు జెప్పుకుంట ఉప్పు ఏసుడే మర్సిపోయినవ్."